తూర్పు గోడ టీవీ

2023 వేసవి. గురజాల బస్టాండుకు కూతవేటు దూరంలో మా టీవీల షాపు. మా నాన్న రేడియోలు బాగుచేస్తూ మొదలుపెట్టిన కొట్టు అది. ఆయన తర్వాత సోల్డరింగ్ ఐరన్ నా చేతికి వచ్చింది. మొదట్లో లోపలికి అడుగుపెట్టినవాళ్ళు నన్ను చూసి, మెకానిక్ లేడా అమ్మా అని అడిగేవారు. ఇప్పుడు నేను కనబడకపోతే షమీమక్క లేదా అని అడుగుతున్నారు. ఆ మార్పు ఊరికే రాలేదు, నా మొండితనంతో వచ్చింది.

ఆ మొండితనం ఏమిటంటే, హాలు చూడకుండా టీవీ అమ్మను. ఖాళీ టీవీ పెట్టెల అట్టను ముప్ఫై రెండు, నలభై మూడు, యాభై అయిదు, అరవై అయిదు అంగుళాల తెరల కొలతకు కోసి ఉంచుకున్నాను. వాటిని ఆటోలో వేసుకుని కొనేవాళ్ళ ఇంటికి వెళ్తాను. గోడకు ఆనించి, ఇంట్లోవాళ్ళను ఎవరి చోట వాళ్ళను కూర్చోమంటాను. షాపులో ఏ టీవీ అయినా చిన్నగానే కనిపిస్తుంది. ఇంటికి తీసుకెళ్ళి తగిలించాక అదే టీవీ మీద పడేట్టు ఉంటుంది. చూసే మనిషికీ తెరకూ మధ్య ఉండాల్సిన ఎడాన్ని మేము వ్యూయింగ్ డిస్టెన్స్ అంటాం. బేరానికి ముందు అది తేలాలి. నన్ను అట్టల షమీమ్ అని ఏడిపించేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు. ఏడిపించుకోనీ, నాకేం నష్టం లేదు.

ఆ రోజు దాచేపల్లి నుంచి ఒక తల్లీ కొడుకూ వచ్చారు. కొడుకు శ్రీను సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేస్తాడు. అతను తిన్నగా వెళ్ళి అరవై అయిదు అంగుళాల టీవీ ముందు నిలబడ్డాడు. తల్లి కోటేశ్వరమ్మ ఒక్క టీవీ వంక కూడా చూడకుండా నా ఎదుట కుర్చీలో కూర్చుంది.

"అమ్మాయ్, ఇంటికొచ్చి చూసి ఇస్తావంట గదా. వచ్చి చూడు. ఏ టీవీ అయినా సరే, హాల్లోంచి మంచం మాత్రం పోగూడదు," అంది.

మంచం సంగతి శ్రీను చెప్పాడు. అతని తండ్రి వెంకటేశ్వర్లు సిమెంటు లారీ నడిపిన మనిషి. అంతకు ముందు ఏడాది పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. అప్పటినుంచి హాల్లోనే ఆయన మంచం. మాట ముద్దగా వస్తుంది, అదీ ఎప్పుడో ఒకటి. ఒకప్పుడు టీవీలో కబడ్డీ వస్తుంటే కంచంలో అన్నం చల్లారిపోయినా పట్టించుకోని మనిషి, ఇప్పుడు టీవీ వైపు తల కూడా తిప్పడు. కళ్ళు చూపిస్తే చూపు బాగానే ఉందన్నారు. ఆయనకు దేనిమీదా ఆసక్తి లేదని ఇంట్లో అందరూ ఒక నిర్ణయానికి వచ్చేశారు.

"ఆయన ఎట్టాగూ చూట్టం లేదక్కా. వెనక గదిలో ఏస్తే ఆయనకూ ప్రశాంతం, హాల్లో సోఫా కూడా పడుద్ది," అన్నాడు శ్రీను.

చెడ్డవాడేం కాదు. తండ్రిని ఎత్తి స్నానం చేయించేది అతనే. డ్యూటీ దిగి వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చునే చోటు ఒకటి కావాలనుకున్నాడు.

కోటేశ్వరమ్మ ఒప్పుకోలేదు. "వెనక గదిలో ఏసిన మనిషి మళ్ళీ ముందుకు రాడు. మా అత్తను అట్టాగే ఏశాం," అంది.

దాంతో బేరం నాకు పూర్తిగా అర్థమైంది. నేను పెద్ద టీవీ అమ్మితే దానికి ఎదురుగా సోఫా పడుతుంది, ఆ మంచం హాల్లోంచి వెళ్ళిపోతుంది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆమెను చూస్తే నాకు నా జాతి మనిషి దొరికినట్టనిపించింది.

మర్నాడు అట్టలు వేసుకుని దాచేపల్లి వెళ్ళాను. తూర్పు వాకిలి ఇల్లు. వాకిలికి ఎదురుగా పడమటి గోడకు సిమెంటుతో కట్టిన షోకేసు, అందులో పాత టీవీ. మంచం ఇటువైపు తూర్పు కిటికీ పక్కన, గోడకు మనిషి నడిచేంత సందు వదిలి ఉంది. తల దక్షిణానికి పెట్టుకుని, వీపు వెనక దిండ్లతో వెంకటేశ్వర్లు వెల్లకిలా ఆనుకుని ఉన్నాడు. అలా ఉంటే టీవీ ఆయన ఎడమచేతి వైపుకు వస్తుంది.

అరవై అయిదు అట్టను పడమటి గోడకు పెట్టగానే శ్రీను ముఖం వెలిగిపోయింది. నేను అతన్ని పిలిచి, ఆపి ఉన్న పాత టీవీ తెరలోకి చూడమన్నాను. తెరిచి ఉన్న వాకిలి, బయట వీధి, వీధిలో పోతున్న ఆటో అన్నీ అందులో కనబడుతున్నాయి. దీన్ని గ్లేర్ అంటాం. ఎదురు వెలుతురు తెర మీద పడితే బొమ్మ తేలిపోతుంది. పొద్దున్నే తూర్పు ఎండ ఎదురుగా వచ్చే గోడ టీవీకి పనికిరాదని చెప్పాను. తలుపేసుకుని చూస్తామన్నాడు. మే నెలలో దాచేపల్లిలో తలుపేసుకుని కూర్చునే మొనగాడివా అని అడిగితే నవ్వాడుగానీ, అట్టను వదల్లేదు.

ఈలోగా కోటేశ్వరమ్మ భర్తకు అన్నం పెట్టింది. కుడిచేత్తో ఆయనే కలుపుకుని తింటున్నాడు. సగం తిని చెయ్యి ఆపేశాడు. కంచంలో కుడివైపు శుభ్రంగా అయిపోయింది, ఎడమవైపు అన్నం, కూర పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఆమె కంచాన్ని అటుది ఇటు తిప్పింది. ఆయన మళ్ళీ తినడం మొదలుపెట్టాడు.

"ఏంది పిన్నీ, కంచం తిప్పావు?" అని అడిగాను.

"ఆ పక్కది రోజూ వదిలేస్తాడమ్మా. తిప్పి పెడితే తింటాడు. జబ్బు చేసిన కాణ్ణించీ ఇదే వరస," అంది.

నేను డాక్టర్ని కాదు. కానీ ఏ మూల కూర్చున్న మనిషికి తెర ఎలా కనబడుతుందో చూడటమే నా పని. తినడం అయ్యాక ముప్ఫై రెండు అట్ట తీసుకుని ఆయన ఎడమవైపు నిలబడి ఆడించాను. ఆయన కళ్ళు కదల్లేదు. మెల్లగా కాళ్ళవైపు నుంచి కుడివైపుకు నడిచాను. అట్ట కుడివైపుకు రాగానే ఆయన చూపు దాన్ని పట్టుకుంది, నాతోపాటే వచ్చింది. మళ్ళీ చేశాను, మళ్ళీ అంతే.

శ్రీను లేచి వచ్చి అట్ట నా చేతిలోంచి తీసుకున్నాడు. ఎడమవైపు నిలబడి చెయ్యి ఊపాడు. తండ్రి చూడలేదు. కుడివైపుకు వచ్చి నిలబడ్డాడు. తండ్రి అట్టను వదిలేసి కొడుకు ముఖంలోకి చూశాడు. శ్రీను అట్టను కింద పెట్టి, గోడ వైపు తిరిగాడు. ఏడాదిగా ఆ మనిషి టీవీ వద్దనలేదు. ఎడమవైపు ఒక గోడ ఉందనీ, దానికి టీవీ ఉందనీ ఆయనకు తెలియనే లేదు.

ఈ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పమన్నాను. ఇక టీవీ మాట. తేలికైన దారి ఆయన్ని మంచం మీద అటుది ఇటు తిప్పి పడుకోబెట్టడం. కాళ్ళున్న వైపు తల పెడితే పడమటి గోడ కుడికి వస్తుంది. ఆ మాటే అన్నాను.

కోటేశ్వరమ్మ నావంక అదోలా చూసింది. "ఉత్తరానికి తల పెట్టి పండబెట్టేది ఎవర్నో నీకు తెలవదా అమ్మాయ్?"

మా ఇంట్లో నమాజు దిక్కని, పడమరకు కాళ్ళు చాపితే మా అమ్మ ఊరుకునేది కాదు. దిక్కుల పట్టింపు నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. మనిషి తల తిరగకపోతే టీవీయే తిరగాలి.

మిగిలింది తూర్పు గోడ. మంచాన్ని షోకేసు కిందికి, పడమటి గోడ వారకు జరిపితే తల దక్షిణానికే ఉంటుంది, తూర్పు గోడ కుడికి వస్తుంది. వెలుతురు టీవీ వెనకవైపు నుంచి వస్తుంది కాబట్టి గ్లేర్ పీడా తగ్గుతుంది. కిటికీకి ఒక కర్టెన్ చాలు. చిక్కల్లా ఆ గోడకు ఒకపక్క వాకిలి, ఒకపక్క కిటికీ ఉన్నాయి. వాటి మధ్య జాగాలో అరవై అయిదు కాదుగదా, యాభై అయిదు కూడా పట్టలేదు. నలభై మూడు అట్ట సరిగ్గా కూర్చుంది.

"వాకిలి పక్కన టీవీ ఏందక్కా?" అన్నాడు శ్రీను, కాస్త నీరసంగా. "ఇంటికొచ్చినోళ్ళకు కనపడదు గదా."

"వచ్చినోళ్ళకు మీ నాయన కనపడతాడు," అంది కోటేశ్వరమ్మ.

శ్రీను అరవై అయిదు అట్టను తీసుకెళ్ళి ఆటోలో పెట్టాడు. పక్కనుంచి చూసినా రంగులు వెలవెలబోని ప్యానెల్ ఉన్న నలభై మూడు అంగుళాల టీవీ ఏరి పెట్టాను. పక్కచూపుకు తట్టుకునే ఆ గుణాన్ని వ్యూయింగ్ యాంగిల్ అంటాం. పెట్టె మీద అది పెద్ద అక్షరాల్లో ఉండదు కాబట్టి ఎవరూ అడగరు.

ఆ వారంలోనే బిగించాం. టీవీ పెట్టగానే ఏదో చర్చ వస్తోంది, నలుగురు ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. మేం ముగ్గురం టీవీ మానేసి వెంకటేశ్వర్లునే చూస్తున్నాం. ఆయన తెర వంక చూశాడు. చాలాసేపు చూశాడు. నుదురు ముడిపడింది. పెదాలు కదిలాయి. కోటేశ్వరమ్మ వంగి చెవి పెట్టింది.

"ఏమంటున్నాడమ్మా?" అన్నాడు శ్రీను.

"మార్చమంటున్నాడు," అంది ఆమె. అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రిమోట్ ఆయన కుడిచేతిలో పెట్టాను. బొటనవేలు తడుముకుంటూ నొక్కింది. ఒక్కో చానలూ దాటుకుంటూ పోయి పాత కబడ్డీ ఆట దగ్గర ఆగింది. శ్రీను మంచం పట్టె మీద, తండ్రికి కుడివైపున కూర్చున్నాడు. ఇక ఈ ఇంట్లో రిమోట్ మన చేతికి రాదని గొణిగాడు.

"కొట్లాడుకోండి. ఈ ఇంట్లో కొట్లాట వినక చానా రోజులైంది," అంది కోటేశ్వరమ్మ.

డాక్టరు కూడా చూసి, పక్షవాతంలో కొందరికి ఒక పక్క స్పృహలో ఉండదని చెప్పారట. మెల్లమెల్లగా చూపు ఎడమకు తిప్పే కసరత్తులు నేర్పారట. కోటేశ్వరమ్మ కంచం మాత్రం ఇప్పటికీ తిప్పుతూనే ఉంది.

నేను ఇప్పటికీ అట్టలు మోసుకుంటూనే ఇళ్ళకు వెళ్తున్నాను. కానీ అప్పట్లో లోపలికి వెళ్ళగానే టీవీ ఏ గోడకు పెడతారని అడిగేదాన్ని. దాచేపల్లి తర్వాత ఆ ప్రశ్న రెండోది అయింది. ఈ ఇంట్లో కదల్లేని మనిషి ఎవరైనా ఉన్నారా, వాళ్ళ మంచం ఎక్కడ అని ముందు అడుగుతున్నాను. వెనక గదిలో ఉందని చెబితే, అట్టలు వాకిట్లోనే దించి, ముందు ఆ గదిలోకి వెళ్తున్నాను.