బిడ్డను చూడనిదే లేవని టీచరమ్మ

పోయిన నెల ఒకరోజు బస్సు దిగి ఇంటికి వస్తుంటే, వీధి మలుపులో పూలమ్మే అక్క బుట్ట దించి చెప్పింది. "టీచరమ్మ పోయినారు పాపా. పొద్దున కాపీ తాగినారు, పేపరు చదివినారు, అట్లే కుర్చీలో కన్ను మూసినారు." అక్కడే అరుగు మీద కూర్చుని ఏడ్చాను. ఏడుపు మధ్యలోనే కాస్త నవ్వూ వచ్చింది. ఎవరికీ లొంగని మనిషి, పోవడం కూడా తనకు నచ్చినట్టే పోయారు.

మీలో చాలామందికి ఆవిడ సర్కారు బడి టీచరుగానే తెలుసు. నాకు ఎలా తెలుసో చెప్పాలి.

మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్న లారీతో ఊళ్ళు తిరుగుతూ, నన్ను పెదనాన్న ఇంట్లో పెట్టాడు. పెదనాన్నంటే వీధికంతా మర్యాద. ఇంగ్లీషు బాగా వచ్చు, గుడి పనులకు ముందుండేవాడు. "పళ్ళికూడంలో ఏం నేర్పిస్తారు? నేనే ఇంట్లో చెప్తాను" అని నన్ను బడి మాన్పించాడు. లెక్క తప్పితే బెల్టు తీసేవాడు. ఏడిస్తే గదిలో పెట్టి గొళ్ళెం వేసేవాడు, ఆ పూట అన్నం ఉండేది కాదు. నా ఏడుపు పక్కింటికి వినపడేది. కానీ మావాళ్ళలో పెద్దవాళ్ళ ఇంటి సంగతి ఎవరూ చావడిలో ఎత్తరు. వీధిలోని మంచీ చెడ్డా అన్నీ ఆ చావడిలోనే తేలేవి, నా సంగతి తప్ప.

ఒక ఎండాకాలం, బడికి రాని పిల్లలను వెతుకుతూ టీచరమ్మ వచ్చారు. పెదనాన్న వాకిట్లోనే ఆపి, "ఇంట్లో బాగా చదువుకుంటా ఉంది, రాసుకోండి" అన్నాడు. మా ఇళ్ళల్లో వాకిలికి వచ్చినవాళ్ళకు ముందు చెంబుతో నీళ్ళిస్తాం. అవి తాగకుండా ఎవరైనా వెళ్ళిపోతే ఇంటికి మంచిది కాదంటారు. పెద్దమ్మ నీళ్ళు తెచ్చింది. టీచరమ్మ ముట్టుకోలేదు, చీర సర్దుకుని అరుగు మీద కూర్చున్నారు.

"పాప తెచ్చిస్తే తాగుతాను."

"పాప నిద్రపోతా ఉంది టీచర్" అన్నాడు పెదనాన్న.

"సరి, లేచేదాకా కూర్చుంటాను. నాకేం పని?"

ఎండ అరుగు మీదికి ఎక్కింది, ఆవిడ మాత్రం కదల్లేదు. దారిన పోయేవాళ్ళు ఆగి చూడసాగారు. నీళ్ళు ముట్టని మనిషి వాకిట్లో కూర్చుంటే పెదనాన్నకు తలకొట్టేసినట్టయింది. చివరికి గొళ్ళెం తీశాడు. నేను చెంబు పట్టుకుని వచ్చాను. ఆవిడ దాన్ని అందుకుంటూ నా చేతులు చూశారు. నీళ్ళన్నీ తాగి, "తియ్యగా ఉండాయి తల్లీ" అన్నారు. సాయంత్రానికి పిల్లల సంరక్షణ ఆఫీసువాళ్ళను వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చారు.

తర్వాత నేను సత్రపట్టిలో అమ్మమ్మ దగ్గర పెరిగాను, బడికి పోయాను, హాయిగా నవ్వడం నేర్చుకున్నాను. అన్నాళ్ళూ నాకోసం ఎవరూ ఎందుకు రాలేదని పెద్దయ్యాక ఆవిడను అడిగాను. "పాప ఇంట్లో చదువుతా ఉందని అందరికీ తెలుసు తల్లీ. నిన్ను చూసినోళ్ళే లేరు" అన్నారు.

రిటైరయ్యాక ఆవిడ ఒకటే పట్టు పట్టారు. ఇంట్లో చదివే ప్రతి బిడ్డనూ సర్కారు మనిషి అప్పుడప్పుడూ వచ్చి చూడాలి, పెద్దవాళ్ళు లేకుండా మాట్లాడాలి, దానికి గట్టి చట్టం ఉండాలి. అర్జీలు తీసుకునే సోమవారం వచ్చిందంటే మను, అదే అర్జీ కాగితం, పట్టుకుని కలెక్టరాఫీసుకు బయలుదేరేవారు. వీధిలోవాళ్ళు ఆటపట్టించేవారు.

"ఏం టీచరమ్మా, సోమవారం ఉపవాసమా?"

"అవును, నా సామి కలెక్టరాఫీసులో ఉండాడు. ఇంకా కన్ను తెరవలేదు."

ఇంటి చదువంటే ఆవిడకు పగ లేదు. సేత్తూరులో ఒక రైతు తన కొడుకులిద్దరికీ ఇంట్లోనే చక్కగా చెప్పుకునేవాడు. వాళ్ళ పొలంలో కూర్చుని మామిడికాయ ముక్కలు తింటూ ఆ పిల్లలతో పందెం వేసి లెక్కలు చేసేవారు, ఓడితే ఒప్పుకునేవారు. ఆ రైతు ఆవిడ మనులో సంతోషంగా సంతకం పెట్టాడు. "బాగా పెంచేటోడికి తలుపు తీసేదానికి ఏం కష్టం?" అనేది ఆవిడ మాట.

ఇప్పుడు నా కూతురిని నేనూ ఇంట్లోనే చదివిస్తున్నాను. దానికి ఉబ్బసం, బడిలో ఉన్న రోజులకంటే ఆసుపత్రిలో ఉన్నవే ఎక్కువయ్యాయి. టీచరమ్మ నెలనెలా వచ్చి, నన్ను బజారుకు పంపేసి, దానితో ఒక్కరే కూర్చునేవారు. ఒకసారి నాకు ఉక్రోషం వచ్చింది.

"నా మీద కూడా అనుమానమేనా మీకు?"

"నీ ఇల్లు వదిలేస్తే ఇంకో ఇంటికి ఏ మొగం పెట్టుకోని పోయేది?" అన్నారు. కోపం అప్పుడే పోయింది. ఒక మనిషి నా బిడ్డను అంత శ్రద్ధగా చూస్తోందంటే ఎంత ధైర్యమో, నాకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది?

ఆవిడ పోయాక మా తలుపు ఎవరూ తట్టలేదు. పోయిన సోమవారం కూతురిని తీసుకుని కలెక్టరాఫీసు వరసలో నిలబడ్డాను. ఆవిడ అడిగినదే రాశాను, మా ఇంటితోనే మొదలుపెట్టమని చివర చేర్చాను. బల్ల వెనక ఆఫీసరు చదివి తలెత్తాడు.

"ఏమ్మా, మీ ఇంటిని చూడమని మీరే మను ఇస్తారా?"

"అవును సార్. ఇదే నా కూతురు."

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, బల్ల మీదుగా వంగి దాన్ని చూశాడు. "నీ పేరేమి?" అన్నాడు. జవాబు నా నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. అది నా కొంగు వదిలి, ఒక అడుగు ముందుకు వేసి, గట్టిగా చెప్పింది.