‘లేదు’ కూడా జవాబే

మా మరిది పోయి పదిహేను రోజులైంది. సూర్యాపేట దవాఖానకు తీసుకెళ్లేలోపే గుండె ఆగిపోయింది. నాకు చదువు రాదు, మనవరాలు రాసిపెడుతోంది. చెప్పింది చెప్పినట్టు రాయి, మెత్తబరచకు అన్నాను.

ఆయన మిర్యాలగూడలో ఒక నెట్ ఆఫీసులో ఇరవై ఏళ్లు పనిచేశాడు. ఎక్కడ నెట్ రాకపోయినా ముందే తీగ ముట్టుకునేవాడు కాదు. ఫోన్‌లో ఏదో కొట్టి, ఏం జవాబు వస్తుందో చూసేవాడు. మనం సైటు పేరు కొడితే అది ఎక్కడుందో చెప్పే పెట్టె ఒకటి ఉంటుందట, డీఎన్ఎస్ అని. చెప్పలేకపోతే ఎందుకో కూడా అదే చెబుతుందట. ఆ పేరే లేదంటే ఎన్‌ఎక్స్‌డొమైన్. కనుక్కోలేకపోయానంటే సర్వ్‌ఫెయిల్. నీకు చెప్పనంటే రెఫ్యూజ్డ్. పప్పు ఏరుకుంటూ వింటేనే నాకు అర్థమైంది. చదువు లేనిదానికి ఎందుకని ఆయన ఏనాడూ అనుకోలేదు. ఆయన యజమాని సేటుకు మాత్రం ఇరవై ఏళ్లయినా ఎక్కలేదు. ఆ తలకాయకు "సర్వర్ డౌన్" ఒక్కటే వచ్చు.

ఇంట్లోనూ మరిదిది అదే తీరు. జల్లెడ లేదంటే ఒప్పుకునేవాడు కాదు. "లేదనకు వదినె, ఇంక ఎతకలేదను" అనేవాడు.

పోయినేడు ఒక రైసుమిల్లు వాళ్లు కొత్త సైటు పెట్టుకున్నారు. వాళ్ల నెట్టూ, ఆ సైటు పనీ సేటు ఆఫీసువే, అందుకే సేటూ మా మరిదీ అక్కడే ఉన్నారు. పేరు ఎక్కించడానికీ ముహూర్తమే, పదిన్నరకు. అయ్యగారు మంత్రాలు చదువుతుంటే ఆ ఇంటి పెద్దమనుషులు ఆగలేక, మిల్లు నెట్ మీదే ఫోన్లలో కొట్టి కొట్టి చూశారు. ఇంకా ఎక్కించని పేరు ఎక్కడి నుంచి వస్తుంది? లేదనే వచ్చింది. తీరా కొబ్బరికాయ కొట్టి, పేరు ఎక్కించి, పెద్ద తెర మీద తెరిస్తే అప్పుడూ లేదనే వచ్చింది.

మా మరిది కోదాడలో ఉన్న తోటి పనివాడికి ఫోన్ చేశాడు. అక్కడ చక్కగా తెరుచుకుంది.

"లేదన్నదంటే జవాబు చెప్పేటోడు ఉన్నట్టే సేటూ, తీగ మంచిగనే ఉంది. పుట్టకముందే అడిగిన్రు, మన పెట్టె ఆ లేదన్న మాటనే యాదిపెట్టుకుంది. అది తుడువనియ్యి, లేకుంటే గంట ఆగు" అన్నాడట.

"పని రాదు గని కథలు చెప్తవ్" అన్నాడు సేటు, అందరి ముందు. పెట్టె ముట్టుకోనివ్వలేదు. తీగలన్నీ పీకించి కొత్తవి వేయించాడు. అంతలో గంట గడిచింది, సైటు దానంతట అదే తెరుచుకుంది. తన తీగలతోనే వచ్చిందని సేటు శాలువా కప్పించుకున్నాడు. మా మరిదిని పని రాదని మర్నాడే మాన్పించాడు. ఆ మాట ఊరంతా పాకి, మళ్లీ ఎవరూ పనికి పిలవలేదు. అన్నం ముందు కూర్చుని, "నాకు పని రాదా వదినె?" అని అడిగేవాడు.

పదకొండో రోజు సేటు పూలదండ పట్టుకుని వచ్చాడు, ఎంత పనిమంతుడమ్మా అనుకుంటూ. మరిది ఫొటోకు అడ్డంగా నిలబడ్డాను.

"ఆ మాట మిల్లుల చెప్పు, ఆ మనుషుల ముందల్నే. చెప్పొచ్చినంకనే దండ ఎయ్యి."

సరే అనలేదు, చెప్పననీ అనలేదు. దండ కుర్చీ మీద పెట్టి భోజనాల వైపు నడిచాడు. తిన్నాడు కూడా.

అడిగినా ఆ పెట్టె అసలు పలకకపోతే ఏం చేయాలో మా మరిది చెప్పేవాడు. కొంచెం ఆగి, మళ్లీ అడగాలట. అడుగుతాను. దండ ఆ కుర్చీ మీదే ఉంది. బంతిపూలు నల్లబడుతున్నాయి, ఎవరినీ తీయనివ్వడం లేదు.