అక్కను దాటని పరుగు

మా బడి అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకు నేను నేర్పాలనుకున్నది ఒక్కటే. బంతి చేతికి చిక్కగానే, అవతలివాళ్ళు వెనక్కి వచ్చి కాచుకునేలోపే అందరూ పరుగెత్తి బుట్టలో వేసెయ్యాలి. చెప్పడానికి ఒక్క మాట. నేర్పేసరికి నాకు తాతలు దిగివచ్చారు.

పిల్లలంతా కనకమ్మ సత్రం చుట్టుపక్కల రైతుల బిడ్డలు. తిరుత్తణిలో ఉన్న మా బడికి బస్సులో వస్తారు. వాళ్ళలో ప్లస్ టూ చదివే పెద్దమ్మాయిని అందరూ అక్కా అని పిలుస్తారు. పొడగరి. మా బుట్ట కింద బంతిని పట్టి ముందుకు విసరడం ఆమె పని. చిన్నవాళ్ళు దాన్ని అందుకుని సగం కోర్టు దాకా గాలిలా పోయేవాళ్ళు. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి, అక్క నింపాదిగా వచ్చేదాకా బంతిని నేలకు కొడుతూ నిలబడేవాళ్ళు. ఆలోగా అవతలి అయిదుగురూ తీరిగ్గా వచ్చి అడ్డం నిలిచేవాళ్ళు.

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. అరిచాను, గ్రౌండు చుట్టూ తిప్పించాను, ఒకరోజు ఈల విసిరికొట్టాను. ఈసారి జిల్లా పోటీల్లోనూ మొదటి ఆటలోనే ఓడితే జట్టు ఎత్తేసి, సాయంత్రం ఆ గంటను లెక్కల స్పెషల్ క్లాసుకు ఇచ్చేస్తానని హెడ్‌మాస్టర్ తేల్చి చెప్పారు. లెక్కలతో నాకు పగ లేదు. కానీ ఆ గంట పోతే ఈ పిల్లలు పరుగెత్తేందుకు వేరే చోటు లేదు.

ఆట తిరువళ్ళూరులో. సగం ఆటకు ఎనిమిది పాయింట్లు వెనకబడ్డాం. విరామంలో అందరికంటే చిన్నదాన్ని నిలదీశాను, ఎందుకు ఆగుతున్నావని. అది తల వంచుకుంది.

"అక్కను ఇడిసి పోవద్దని మాయమ్మ చెప్పింది సార్."

మిగతావాళ్ళూ తలలూపారు. అన్ని ఇళ్ళలోనూ అదే షరతట. పోయినా వచ్చినా అక్క పక్కనే ఉండాలి, అలాగైతేనే ఆటకు పంపుతామన్నారట. పిల్లలు ఆ మాటను కోర్టులోకి కూడా తెచ్చుకున్నారు. ఇన్ని నెలలూ నేను తిట్టింది, ఇచ్చిన మాట నిలబెట్టుకుంటున్నందుకు. నాకు సిగ్గేసింది. తల్లుల మాట కాదనమని ఏ నోటితో చెప్పను?

నీళ్ళు తాగుతున్న అక్క సీసా కింద పెట్టింది.

"మీయమ్మలకు నేను చెప్పుకుంటా. ఆటలో నాకోసరం ఎవురూ కాచుకోవద్దండి."

మళ్ళీ ఆట మొదలయ్యాక, మొదటి బంతికి చిన్నది అలవాటు కొద్దీ ఒకసారి వెనక్కి చూసింది. రెండోదానికి చూడలేదు. ఒక్కో పాయింటూ కూడుకుంటూ చివరి నిమిషానికి సమానమయ్యాం. అప్పుడు అక్క బంతిని పట్టి, చిన్నదానికి విసిరి, తనూ బయలుదేరింది. ఎప్పుడూ అందరి వెనకా వచ్చే పిల్ల అందరినీ దాటుకుని అవతలి బుట్ట కింద ముందుగా నిలబడింది. బంతి ఆమె చేతికే వచ్చింది. వేసింది.

గెలిచాం. నేను బెంచీ మీద కూలబడ్డాను. గుండెల మీది బరువు దిగిపోయింది. కళ్ళు తుడుచుకున్నాను, అది చెమటని బొంకను. కాసేపటికి అక్కను పిలిచి, ఇంత పరుగు పెట్టుకుని ఇన్నాళ్ళూ ఎందుకు వెనకబడ్డావని అడిగాను. ఆమె ఇంకా రొప్పుతూనే ఉంది.

"అందురూ నా కంటిముందర ఉండాల గదా సార్. నేనే ముందర పోతే ఈళ్ళను ఎవురు చూస్తారు?"