చెయ్యి తీపిగా ఉంది అత్తా

ఇదంతా మొదలైనప్పుడు నాకు రాయడం రాదు. యాభై దాటినా, సంతకం పెట్టాల్సిన చోట నా పేరును బొమ్మలా గీసేదాన్ని. అందులో ఏ గీత ఏ అక్షరమో తెలిసేది కాదు. అందుకే అప్పుడు రాయలేకపోయాను. ఇప్పుడు వచ్చు. ఒత్తుల దగ్గర ఇంకా ఆగి ఆలోచిస్తాను గానీ, వచ్చు. మా తమ్ముడి కూతురి మోచేతికి వచ్చిన కష్టం ఆటలాడే పిల్లలున్న ఏ ఇంటికైనా రావచ్చని, ఆ ఇళ్ళవాళ్ళ కోసం రాస్తున్నాను.

మేముండేది వర్జీనియాలో, షాంటిలీలో. తమ్ముడు శ్రీధర్, మరదలు వాణి, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు లాస్య, నేను. పొద్దున పూట నేను ఇండియన్ గ్రోసరీ వెనక వంటగదిలో పుల్కాలు చేస్తాను. సాయంత్రం లాస్య ఆటకు వెళ్తే వెంట వెళ్తాను.

లాస్య ఆడేది బేస్‌బాల్. మగపిల్లల టీమ్‌లో అదొక్కతే ఆడపిల్ల. అది పిచర్, అంటే బంతి విసిరే మనిషి. ఆ ఆట నాకు మొదట అర్థం కాలేదు, ఇప్పటికీ పూర్తిగా కాలేదు. అందులో చాలాసేపు ఏమీ జరగదు. పచ్చగడ్డి మధ్య ఎర్రమట్టి దిబ్బ మీద మా పిల్ల ఒక్కతే నిలబడి ఉంటుంది. టోపీ వెనక సందులోంచి జుట్టు కుచ్చులా వేలాడుతుంది. లోకమంతా దాని కోసం ఆగినట్టు ఉంటుంది. అప్పుడు చెయ్యి గాలిలో ఒక చుట్టు తిరుగుతుంది. బంతి కనిపించదు, అవతలి గ్లౌజులో చప్పుడు మాత్రం వినిపిస్తుంది. పొద్దుటి పని అలసటతో మడతకుర్చీలో కూర్చుని, చప్పుడుకూ చప్పుడుకూ మధ్య నేను కునికేదాన్ని. కళ్ళు మూసేటప్పుడు చెర్రీ పూలు, తెరిస్తే మండే ఎండ, మళ్ళీ మూసి తెరిస్తే మేపుల్ ఆకులు ఎర్రబడి ఉండేవి. పిల్ల మాత్రం ఆ దిబ్బ మీదే ఉండేది. మంచు పడే రోజుల్లో ఆటను ఒక పెద్ద షెడ్డు లోపలికి మార్చేవారు. పైనుంచి తెల్లటి వలలు, తెల్లటి దీపాలు. మబ్బు లోపలికి వెళ్ళి కూర్చున్నట్టు ఉండేది.

ఏదో తేడాగా అనిపించిన రోజు అక్టోబరులో ఒక ఆదివారం. దానికప్పుడు పదకొండేళ్ళు. ఆట అయ్యాక కార్‌లో నా పక్కన కూర్చుని అంది:

"అత్తా, నా చెయ్యి తీపిగా ఉంది."

శ్రీధర్ పగలబడి నవ్వాడు. "నాకి చూశావా ఏంటే?"

"డాడీ, ఐ యామ్ సీరియస్. తీపిగా ఉంది."

"ఐస్‌క్రీమ్ కార్చుకుని ఉంటావు. ఇంటికెళ్ళి కడుక్కో," అంది వాణి.

"కాదులే, కోచ్ కూడా అదే అన్నాడుగా. బాగా విసిరినప్పుడు, స్వీట్ ఆర్మ్ అని!" అన్నాడు శ్రీధర్. నేనూ నవ్వాను. పిల్ల కిటికీ వైపు తిరిగి, పక్కనుంచి పోతున్న చెట్లను చూస్తూ కూర్చుంది.

ఆ మాట మా ఇంట్లో ముద్దుమాట అయిపోయింది. ఇండియాకు ఫోన్ చేసినా "మా తీపి చెయ్యి ఎలా ఉంది?" అని అడిగేవాళ్ళు. అది మరో రెండు మూడుసార్లు అంది. తర్వాత అనడం మానేసింది.

నవంబరు చివర నాలుగు రోజుల థాంక్స్‌గివింగ్ సెలవు దాటాక ఒక ఉదయం దువ్వెన పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "అత్తా, పోనీటెయిల్ వెయ్యి." అది తన జుట్టు తనే కట్టుకునే పిల్ల. ఏమైందంటే చెయ్యి వెనక్కి పోవడం లేదంది. నువ్వుల నూనె వేడి చేసి మోచేతికి రాశాను. హాయిగా ఉందంది. షెడ్డులో ప్రాక్టీస్‌కు మళ్ళీ వెళ్ళింది. ఇంటికి వచ్చాక పాలగ్లాసు ఎత్తబోయి వదిలేసింది. పాలు బల్ల మీద పారుతుంటే దాని ముఖం తెల్లగా పాలిపోయింది. వాణి గుడ్డ కోసం కాకుండా ఫోన్ కోసం వెళ్ళింది.

పిల్లల డాక్టర్ చూసి ఆర్థోపెడిక్ దగ్గరికి పంపారు. అక్కడ రెండు మోచేతులకూ ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ పొడుగాటి మనిషి, మెల్లగా మాట్లాడుతుంది. లాస్య ముందు చిన్న స్టూల్ మీద కూర్చుని అడిగింది: "నొప్పి ఎలా ఉంటుంది? షార్ప్‌గానా, డల్‌గానా?"

"నీదర్," అని లాస్య నా వైపు చూసింది. "అత్తకి వస్తుంది కదా, పుల్కాలు చేస్తే. ఈవెనింగ్ చెయ్యి పట్టుకుని అంటుంది. లైక్ దట్. తీపి."

అప్పుడు నాకు తట్టింది. సాయంత్రం సోఫాలో కూర్చుని మోచేతులు పిసుక్కుంటూ "అబ్బా, చేతులు తీపులే తల్లీ" అంటుంటాను. లోపల ఎవరో నరం పట్టుకుని నెమ్మదిగా లాగుతున్నట్టు ఉండే నొప్పిని మావైపు తీపు అంటారు. ఈ ఇంట్లో ఆ మాట వాడేది నేనొక్కదాన్నే. లడ్డూలోని తీపీ, ఎముకలోని తీపూ పిల్లకు ఒకటే మాటగా వినిపించాయి.

"తీపి కాదు వాణీ, తీపులు. నొప్పి అని చెబుతోంది ఇది," అన్నాను.

వాణి దాన్ని డాక్టరమ్మకు ఇంగ్లీషులో చెప్పింది. పిల్ల అక్టోబరు నుంచి చెబుతూనే ఉంది, మేము జోక్ అనుకున్నాం అని. చెబుతూ చెబుతూ ఏడ్చింది. లాస్య మంచి చేత్తో తల్లి వీపు తట్టింది. "ఇట్స్ ఓకే మామ్. ఇట్ వాజ్ కైండా ఫన్నీ."

డాక్టరమ్మ ఎక్స్‌రేల్లో రెండు గీతలు చూపించింది. ఎడమ మోచేతిలో గీత పెన్సిల్‌తో గీసినట్టుంది, కుడిచేతిలో వెడల్పుగా ఉంది. ఆ గీతను గ్రోత్ ప్లేట్ అంటారట. ఎముక ఇంకా పెరుగుతున్న చోటు, పెద్దవాళ్ళ ఎముకంత గట్టిగా ఉండదట. ప్రతి విసురుకూ కండ దాన్ని లాగుతుంది. విశ్రాంతి ఉంటే సర్దుకుంటుంది. లేకపోతే ఇలా విడిపోతూ వస్తుంది.

"ఏడాదిలో ఎన్ని నెలలు ఆడుతుంది?" అని అడిగింది.

"స్ప్రింగ్, సమ్మర్, ఫాల్," అన్నాడు శ్రీధర్. "వింటర్‌లో ఓన్లీ ఇండోర్."

"మరి ఆఫ్ సీజన్ ఎప్పుడు?"

శ్రీధర్ వాణిని చూశాడు. వాణి నన్ను చూసింది.

"థాంక్స్‌గివింగ్," అంది లాస్య.

డాక్టరమ్మ నవ్వలేదు. "నో త్రోయింగ్. బంతి ముట్టుకోవద్దు. మళ్ళీ నేను చూసేదాకా," అంది.

ఇంటికొచ్చే దారిలో శ్రీధర్ ఒక్కసారి మాత్రం మాట్లాడాడు. "అక్కా, అందరూ ఆడుతున్నారే. ఒక్క సీజన్ మానిస్తే వెనకబడిపోతుందని భయపడ్డాను. ఉన్న ఒక్క ఆడపిల్లనీ సాఫ్ట్‌బాల్‌కి పొమ్మంటారని." వాడి భయం అబద్ధం కాదు. ఆడపిల్లలు ఆడేది సాఫ్ట్‌బాల్ కదా అనే మాట టీమ్ తల్లిదండ్రుల్లో ముందే ఉంది.

బంతులన్నీ గరాజ్‌లో పెట్టి తాళం వేశాం. జనవరిలో పెద్ద మంచు పడింది. బడికి సెలవు. వీధంతా దూది పరిచినట్టుంది, చప్పుడనేదే లేదు. పక్కింటి పిల్లలు మంచు ఉండలు చేసి విసురుకుంటున్నారు. లాస్య వాళ్ళలో ఉంది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. దాని చెయ్యి పైకి లేచింది, తెల్లటి గాలిలో చుట్టు తిరిగింది. ఎంత అందంగా ఉందో అనుకుంటుండగానే అది మంచులో మోకాళ్ళ మీద కూలబడింది.

మోచేతి లోపల టక్‌మని వినిపించిందట. హాస్పిటల్‌కు వెళ్ళే దారిలో ఏడుస్తూ అంది: "బాల్ వద్దన్నారు. స్నో గురించి ఎవరూ చెప్పలేదు కదా!"

గ్రోత్ ప్లేట్ దగ్గర చిన్న ఎముక ముక్క ఊడింది. అవల్షన్ ఫ్రాక్చర్ అన్నారు. ముక్క ఎక్కువ కదలలేదు కనుక సర్జరీ వద్దన్నారు. ముందు చెయ్యి కదలకుండా స్ప్లింట్ కట్టు, తర్వాత బ్రేస్. శ్రీధర్ అడిగాడు, మళ్ళీ పిచింగ్ చేయగలదా అని. "పిచింగ్ మాట తర్వాత," అంది డాక్టరమ్మ. "చెయ్యి పూర్తిగా చాచగలదో లేదో కూడా ఇప్పుడే చెప్పలేను."

ఆ మాట మాతో ఇంటికి వచ్చి, అన్నం బల్ల దగ్గర మాతోపాటు కూర్చుంది.

ఆదివారాలు ఖాళీ అయ్యాయి. ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. వాణి లాస్యను తెలుగు క్లాస్‌లో చేర్చింది. ఒకరి ఇంటి బేస్‌మెంట్‌లో పిల్లలు కింద కూర్చుని నేర్చుకుంటారు. తోడుగా నేనూ వెళ్ళాను. టీచర్ నాకు కుర్చీ వేసింది, ఊరికే కూర్చోవడమెందుకని పలకా ఇచ్చింది. నేను తీసుకున్నాను.

లాస్య కుడిచెయ్యి బ్రేస్‌లో ఉంది కనుక ఎడమచేత్తో రాసేది. దాని అ పక్కకు పడిపోయేది. నా అ బోర్లా పడేది. కుర్చీ వదిలేసి దాని పక్కనే కింద కూర్చున్నాను.

"అత్తా, నీ అ చూడు, లుక్స్ లైక్ ఎ డెడ్ బగ్."

"నీదేమైనా బతికుందా?"

బయట మంచు కరిగి చూరు నుంచి బొట్లు పడుతుండేవి. మా ఇద్దరి అక్షరాలూ మెల్లగా లేచి నిలబడ్డాయి. శీతాకాలం అంతా నాకు అలాగే గుర్తుంది: సుద్దపొడి, బొట్ల చప్పుడు, నా భుజానికి ఆనిన దాని తల.

బ్రేస్ తీశాక చెయ్యి సన్నబడిపోయి ఉంది. మోచెయ్యి సగం వంగి ఆగిపోయింది. ఫిజికల్ థెరపీలో మెత్తటి ముద్ద పిసికించేవారు, రబ్బరు పట్టీలు లాగించేవారు. వారాలు గడిచినా చెయ్యి అక్కడే ఆగింది. మేలో టీమ్ ఆట చూస్తానంటే తీసుకెళ్ళాం. దిబ్బ మీద వేరే పిల్లాడున్నాడు. లాస్య కంచె పట్టుకుని చివరిదాకా చూసింది. కార్‌లో అడిగింది: "నా చెయ్యి ఫరెవర్ ఇలాగే ఉంటుందా?" మాలో ఎవరం అబద్ధం చెప్పలేకపోయాం.

జూన్‌లో ఒక సాయంత్రం పెరట్లో మిణుగురులు లేచాయి. లాస్య వాటి వెంట తిరుగుతోంది. ఒకటి దాని తల మీదుగా పైకి పోతుంటే చెయ్యి పైకి చాచింది. మిణుగురు అందలేదు. చెయ్యి మాత్రం భుజం నుంచి వేళ్ళ దాకా నిటారుగా ఉంది. అది గమనించలేదు. నేను చూశాను. పిలిస్తే మళ్ళీ వంగిపోతుందేమోనని కాసేపు పిలవలేదు.

డాక్టరమ్మ కొత్త ఎక్స్‌రే చూసి "బ్యూటిఫుల్" అంది. కొద్ది దూరం నుంచి మొదలుపెట్టి, కొద్ది కొద్దిగా విసరమంది. ఇంకో మాటా చెప్పింది: "ఆట మానొద్దు. కానీ ఏడాదిలో మూడు నాలుగు నెలలు అసలు విసరకూడదు. స్విమ్మింగ్ చేయనీ, చెట్లెక్కనీ." సెప్టెంబరులో ఫాల్ సీజన్ మొదలయ్యాక లాస్య మళ్ళీ ఆడింది. ఎక్కువగా సెకండ్ బేస్ దగ్గర నిలబెట్టారు, అక్కడ విసరాల్సింది తక్కువ. చివరి ఆటల్లో దిబ్బ ఎక్కింది.

ఈ నవంబరులో కోచ్ మెసేజ్ పంపాడు. వింటర్ ఇండోర్ మొదలవుతోంది, స్ప్రింగ్‌కి పిచర్లను అక్కడి నుంచే చూసుకుంటాను, లాస్య వస్తుందా అని. కోచ్ చెడ్డవాడు కాదు. పిల్ల విసురు ఆయనకూ ఇష్టం. సాయంత్రం శ్రీధర్ ఫోన్ బల్ల మీద పెట్టాడు.

"నీ ఇష్టం నాన్నా. నేనేమీ అనను."

"నో డాడీ, నువ్వు చెప్పు," అంది లాస్య. "నువ్వు నో అంటే నీ మీద మ్యాడ్ అవుతాను. నేనే నో అంటే, ఎవరి మీద మ్యాడ్ అవ్వాలి?"

"నా మీద అవ్వు. నాకు అలవాటేగా," అంది వాణి.

ఎవరూ నవ్వలేదు. పిల్ల తండ్రి ముఖంలోకే చూస్తోంది. కూతురు బంతి విసురుతుంటే వాడి ముఖం ఎలా వెలిగేదో నాకు తెలుసు. ఆ వెలుగు కోసమే వాడు వారమంతా ఎదురుచూసేవాడు.

"సరే. నో," అన్నాడు. "ఇప్పుడు తిట్టు."

తిట్టింది. నా ప్లేస్ పోతుంది, యూ ఆర్ ది వర్స్ట్ అని అరిచి మెట్లెక్కి తలుపు వేసుకుంది. శ్రీధర్ కదలకుండా కూర్చుని అంతా విన్నాడు. తర్వాత కోచ్‌కు మెసేజ్ పెట్టాడు, మార్చిలో వస్తుందని.

స్ప్రింగ్‌లో దాన్ని పిచర్‌గా తీసుకుంటారో లేదో మాకు తెలియదు. చెయ్యి బాగుంది. నిన్న నా జుట్టు కూడా అదే దువ్వింది.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఇక్కడ పుట్టిన పిల్లల తెలుగు మనకు ముద్దుగా ఉంటుంది, నవ్వొస్తుంది. నవ్వండి. కానీ మాట ఒంటి గురించి అయితే, "ఎక్కడ? వేలు పెట్టి చూపించు" అనండి. కొన్నాళ్ళకు మళ్ళీ అడగండి. రెండోసారీ వేలు అదే చోటికి వెళ్తే, ఆట ఆపి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

తలుపు వేసుకున్న మర్నాడు ఉదయం, లాస్య ఇంకా నిద్రలో ఉండగా, డ్రయ్యర్‌లోంచి దాని తెల్లటి ఆట ప్యాంటు తీసి ఒళ్ళో వేసుకున్నాను. పెరిగే పిల్ల అని రెండు సైజులు పెద్దది కొని, అంచులు లోపలికి మడిచి కుట్టి ఉంచాను. బ్లేడుతో ఆ కుట్లు ఒక్కొక్కటే విప్పాను. మోకాళ్ళ మీద ఎర్రమట్టి మరకలు ఎన్ని ఉతుకులకూ పోలేదు. మడత లోపలి గుడ్డ మాత్రం కొన్ననాటిలాగే తెల్లగా ఉంది. మార్చికి అంత పొడుగు కావాల్సి వస్తుందని ఇస్త్రీ చేసి, పై అరలో పెట్టి, పనికి వెళ్ళాను.