మందుపెట్టెల గిటారు

మొన్న పక్కింటివాళ్ళ ఫోన్లో స్టీలు గిటారు మోగింది. ఒక స్వరం మీంచి ఇంకో స్వరం మీదికి తీగ జారే ఆ సాగుడు చెవిన పడగానే నా చేతిలో టీ గ్లాసు తొణికి లుంగీ తడిసింది. "ఏమైంది మామా?" అని కోడలు పరుగెత్తుకొచ్చింది. ఏం చెప్పను? ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ శబ్దం వింటే రాజమల్లు కాక వరండా కళ్ళ ముందుకొస్తుంది. ఆయన్ను చూడనివాళ్ళకు ఆయన సంగతి అర్థం కావాలంటే ముందు బొగ్గుబాయి సంగతి చెప్పాలి.

అరవయ్యో దశకం మొదట్లో నేను లక్సెట్టిపేట నుంచి మందమర్రి వచ్చి బాయిలో చేరాను. పైకప్పు కూలకుండా కట్టె దిమ్మెలు నిలబెట్టడం నా పని. రాజమల్లు కాక మా జట్టుకు సర్దారు. షిఫ్టు మొదలవగానే ఆయనొక్కడే ముందుకు వెళ్ళి, ఒక చేత్తో ఇనుపకడ్డీ పట్టి పైబండను తట్టేవాడు. రెండో అరచెయ్యి బండకు ఆనించి కాసేపు నిలబడేవాడు. గట్టి బండ ఖంగుమంటుంది, పొర విడిచిన బండ బోలుగా పలుకుతుంది. ఆయన "రాండ్రి" అన్నాకే మేం అడుగు పెట్టేవాళ్ళం. "రాజమల్లు చెవిల దేవుడున్నడు" అని జట్టులో అందరూ అనేవాళ్ళు. ఎవరు మాట్లాడినా ఆయన తన దీపం వాళ్ళ మొహం మీద వేసి, వంగి చూసేవాడు. నేనది ప్రేమ అనుకున్నాను, మిగతావాళ్ళు అనుమానం అనుకున్నారు.

ఆయన క్వార్టరు మా వరసలోనే. ఒక ఆదివారం వెళ్ళేసరికి వరండా నిండా చెక్కపొట్టు. పేలుడు మందు వచ్చే దేవదారు పెట్టెలను ఖాళీ అయ్యాక కాలనీలో అందరూ తెచ్చుకుని పీటలో, కోళ్ళగూళ్ళో చేసుకునేవాళ్ళు. ఈయన వాటిని విప్పి, చిత్రికపట్టి, గిటారు చేస్తున్నాడు. ఎప్పుడో దసరా ఉత్సవాల్లో ఒక ఆఫీసరు గిటారును ఒళ్ళో పడుకోబెట్టుకుని, తీగల మీద ఇనుపముక్క జరుపుతూ వాయిస్తే చూశాడట. తనూ చెక్కను అలాగే ఒళ్ళో పడుకోబెట్టుకుని చూపిస్తే, "పొత్తిళ్ళ బిడ్డకు తానం పోస్తున్నవా కాకా?" అని నేను ఆటపట్టించాను. గిటారు మెడకు బాయిలోంచి తీసేసిన పాత నల్లమద్ది దిమ్మె దొరికింది. దాంతో ఆయన భార్య, లచ్చవ్వ చిన్నమ్మకు ఒళ్ళు మండింది. కూలిన బండ కింద నిలబడిన కట్టెను మాలో ఎవరూ ఇంట్లోకి రానియ్యరు.

"మంది మీద వడ్డ బండను మోసిన కట్టె అది. ఇంట్ల పెడ్తవా?" అంది.

"గంత బండను మోసింది, తీగలను మోయదా?" అన్నాడాయన.

నేను మెడను పెట్టెకు గట్టిగా బిగించబోతే చెయ్యి పట్టుకున్నాడు. "ఓదెలూ, దిమ్మె నిలబెట్టినట్టే పిలగా. కట్టెకు జర మెదిలే జాగియ్యాలె. ఊపిరాడకుంట బిగిస్తే పగులుతది." ఆ మాట తర్వాత పిల్లల్ని పెంచేటప్పుడు కూడా నాకు పనికొచ్చింది. తీగల మీద జరపడానికి విరిగిన డ్రిల్లు ఊచ ముక్కను రోజుల తరబడి నూరి అద్దంలా చేశాడు. తీగలు హైదరాబాద్ నుంచి తెప్పించాడు.

తీగలు కట్టిన సాయంత్రం ఒళ్ళో పెట్టుకుని మీటాడు. దేవుడా, ఏం మోత అది! ఏ తీగకూ ఇంకో తీగతో పొత్తు లేదు. నేను పడీ పడీ నవ్వాను. ఆయన మాత్రం కళ్ళు మూసుకుని పరవశంగా వాయిస్తున్నాడు. "కాకా, తీగలు దిగినయ్, ఆపు!" అన్నాను. ఆపలేదు. అరిచాను. ఆపలేదు. అంతలో ఆయన వెనకే నీళ్ళ బిందె గచ్చు మీద పడి దొర్లింది. నేను ఉలిక్కిపడ్డాను. ఆయన రెప్ప కూడా కదలలేదు. తలుపు దగ్గర చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నన్నే చూస్తోంది.

చెవుడు! మేమందరం ప్రాణాలు అప్పజెప్పిన చెవులు పనిచెయ్యవు! ఇంట్లో నా భార్య ఏడో నెల కడుపుతో ఉంది. కోపం తన్నుకొచ్చింది. ఆయన భుజం పట్టి ఊపి, మొహానికి ఎదురుగా అడిగాను.

"ఎన్నొద్దుల సంది?"

బాయిలో దీపం వేసి చూసినట్టే, నా పెదవులు చూసి మాట పోల్చుకున్నాడు. "ఒకనాడు మందు జల్ది పేలింది. గప్పటి సంది. జెప్తే బాయిలకు దిగనియ్యరు. దిగకపోతే నేనెవన్ని ఓదెలూ? బండ సంగతి చెయ్యికి తెలుస్తది. గీ గిటారు గూడ గంతే, తొడ మీద పెడ్తె బొక్కలల్ల, ఎన్నుపూస దాంక ఇనబడ్తది."

"మరి బండ కదిలి, కాకా అని నేను ఒర్రితే?"

"మల్ల జెప్పు" అన్నాడు. మళ్ళీ చెప్పాను. గిటారు మెల్లగా కింద పెట్టాడు. నేను లేచి వచ్చేశాను. తెల్లారి దిగాలా వద్దా, ఎవరికైనా చెప్పాలా అని తన్నుకులాడుతూనే పొద్దున బాయికి పోయాను.

ఆ తన్నుకులాట నాకు మిగల్చలేదాయన. అప్పటికే కాక మేనేజరు ఆఫీసులోంచి బయటికొస్తున్నాడు. కడ్డీ చేతిలో లేదు. తిన్నగా మా జట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు. "నాకు చెవులు ఇనబడయ్. దొరకు జెప్పిన. మీకు ముందుగాల్నే జెప్పాలె, జెప్పలే" అన్నాడు. "గిన్నొద్దులు చెవిటోని మాట మీద బతికినమా!" అని ఒకడు టోపీ నేలకేసి కొట్టాడు. ఇంకొకడు ఏడ్చాడు. ఆయన అన్నీ నిలబడి చూశాడు. నాకు మాత్రం రాత్రి తెలిసినదానికంటే ఇదే పెద్ద దెబ్బ. ఆయన చెప్పకపోతే నేను చెప్పేవాణ్ణో కాదో ఇప్పటికీ తెలియదు.

ఆయన్ను పైన, బాయిలోకి దిగేవాళ్ళకు దీపాలిచ్చే గదిలో పనికి వేశారు. ఆదివారాలు నేను వెళ్ళి తీగలు శ్రుతి చేసేవాణ్ణి, ఆయన వాయించేవాడు. అప్పుడది నిజంగా పాటే. కానీ ఆ పొద్దున అంత తేలిగ్గా ఆఫీసు గడప ఎలా దాటాడన్నది మాత్రం ఎప్పుడూ అడగలేకపోయాను.

చాలా ఏళ్ళకు నేనూ సర్దారునయ్యాను. తర్వాత బాయి చీకట్లో నా కళ్ళు మసకబారాయి. ఎవరికీ తెలియదు. నెట్టుకురావచ్చు. ఒక పొద్దున అదే గడప ముందు నిలబడ్డాను. వెనక్కి తిరిగి, నల్లా దగ్గర నీళ్ళు తాగి మళ్ళీ వచ్చాను. ఆయనకూ తేలిక కాలేదని అప్పుడు తెలిసింది. లోపలికి వెళ్ళి, "నాకు సరిగ్గ కనబడ్తలేదు సార్" అన్నాను.