కంబదూరు నుంచి మధ్యాహ్నం ఫోను

అది 2003వ సంవత్సరం. అనంతపురంలో ఆఫీసులకు ఈపీఏబీఎక్స్‌లు బిగించి, వాటి రిపేర్లు చూసుకుంటూ బతికేవాణ్ణి. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, ఈపీఏబీఎక్స్ అంటే ఆఫీసు లోపలి టెలిఫోన్ ఎక్స్ఛేంజి. బయటినుంచి వచ్చే నాలుగైదు లైన్లను లోపలున్న బల్లలన్నిటికీ పంచిపెట్టే ఇనుప డబ్బా అది. దాని ముందు ఒక ఆపరేటరు కూర్చుంటాడు. నా నోరు మంచిది కాదని ఊళ్లో పేరు. తప్పు కనిపిస్తే ఎంతటి మేనేజరునైనా ముఖం మీదే అనేసేవాణ్ణి. అయినా నన్నే పిలిచేవాళ్లు, ఎందుకంటే ఆ డబ్బాలు తెలిసినవాళ్లు ఊళ్లో పెద్దగా లేరు.

ఆ ఏడు ఒక స్వచ్ఛంద సంస్థ నుంచి పిలుపు వచ్చింది. అనంతపురంలో హెడ్డాఫీసు, ముదిగుబ్బలో ఒక బ్రాంచీ, కంబదూరులో ఒకటి. పల్లెల్లో చెక్‌డ్యాములు కట్టించడం, గొర్రెల పెంపకానికి సాయం చేయడం వాళ్ల పని. ఎస్టీడీ బిల్లులతో విసిగిపోయి, కంప్యూటర్ల కోసం డాబాల మీద పెట్టుకున్న వీశాట్ గొడుగుల, అంటే ఉపగ్రహంతో కలిపే డిష్షుల గుండానే మాటలు కూడా పంపుకోవాలనుకున్నారు. దానికి వాయిస్ ఓవర్ ఐపీ గేట్‌వే అనే పెట్టె కావాలి. అది మాటను ముక్కలు చేసి కంప్యూటరు దారిలో పంపి, అవతల మళ్లీ అతికిస్తుంది. దాన్ని ఈపీఏబీఎక్స్‌కు కలపడం నా వంతు. బ్రాంచీ నుంచి హెడ్డాఫీసు బల్లకు, బల్ల నుంచి బ్రాంచీకి మాత్రమే. బయటి లైన్లకు కలపడానికి అప్పటి చట్టం ఒప్పుకోదు.

కలపడం ఒక పూట పని. కష్టమంతా ఫోను పెట్టేయడంలో ఉంది. బ్రాంచీలో గుమాస్తా రిసీవరు బల్ల మీద పెట్టి ఫైలు వెతకడానికి పోతాడు, పోయినవాడు అక్కడెవరితోనో కబుర్లలో పడతాడు. ఇక్కడ హెడ్డాఫీసు వాళ్లు చూసి చూసి పెట్టేస్తారు. పెట్టేసినట్టు గుర్తుగా ఈపీఏబీఎక్స్ కుయ్ కుయ్‌మని ఒక టోను ఇస్తుంది. మా పాత డబ్బా ఇచ్చే టోను ఆ విదేశీ గేట్‌వేకు అర్థం కాదు. ఇంకా ఎవరో ఉన్నారనుకుని లైను పట్టుకునే ఉంటుంది. ఇక సాయంత్రం దాకా ఆ లైను ఎవరికీ దొరకదు.

దీనికి అందరూ వాడే మందు సైలెన్స్ టైమర్. రెండు వైపులా అర నిమిషం పాటు మాట వినిపించకపోతే, ఎవరూ లేరని లెక్కగట్టి గేట్‌వే తానే లైను కోసేస్తుంది. నేనూ అదే పెట్టాను. లైన్లు ఇరుక్కోవడం ఆగిపోయింది. మేనేజరు టీ తెప్పించాడు.

ఆ ఆఫీసు ఆపరేటరు పేరు ఎర్రిస్వామి. నలభై దాటిన మనిషి, గొంతు వింటే పాతికేళ్లవాడనుకుంటారు. “నమస్కారమండీ, చెప్పండి” అని ఆయన అంటే, తిట్టడానికి ఫోను చేసినవాడు కూడా మెత్తబడేవాడు. ఆ వేసవిలోనే ఆయన భార్య పోయింది. పిల్లల్లేరు. కర్మ అయిపోయిన మర్నాడే వచ్చి బోర్డు ముందు కూర్చున్నాడు. గొంతు ఏమాత్రం మారలేదు. మనిషి మాత్రం చిక్కిపోతున్నాడు. షుగరు ఉంది కదా, దానివల్లే అని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను.

కొన్నాళ్లకు కంబదూరు బ్రాంచీ ఇన్‌ఛార్జి నుంచి ఫిర్యాదు వచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళ లైను తెగిపోతోందట. మిగతా వేళల్లో ఏ ఇబ్బందీ లేదు. గేట్‌వే లాగ్ తీసి చూశాను. లాగ్ అంటే ప్రతి కాల్ ఎందుకు ముగిసిందో ఆ పెట్టె తనలో రాసుకునే చిట్టా. రోజూ మధ్యాహ్నం కంబదూరు నుంచి ఆపరేటరు బోర్డుకు వరసగా కాల్స్, అన్నీ సైలెన్స్ టైమర్ కోసినవే. నాకు ఒళ్లు మండింది. ఎవరో ఫోను చేసి రిసీవరు పక్కన పడేస్తున్నారు, పైగా నా మీద ఫిర్యాదు.

“ఏం స్వామీ, మధ్యాహ్నం ఫోను చెవికి పెట్టుకుని కునుకు తీస్తావా?” అని ఎర్రిస్వామిని అడిగాను.

“యాడ నిద్రన్నా. మా అక్క చేస్తాది. ఆయమ్మ కంబదూరు ఆఫీసులో వంట చేస్తాది. మాట్లాడుకుంటాంటాము” అని నవ్వాడు.

“మాట్లాడుకుంటే మిషను ఎందుకు కోస్తుంది? అబద్ధాలు నాతో చెప్పినా మిషనుతో చెప్పలేవు” అన్నాను. దానికీ నవ్వాడు.

ఆ వారమే కంబదూరు పోయాను. కళ్యాణదుర్గం దాటాక రోడ్డుకు రెండు వైపులా వేరుశనగ చేలు ఊడలు దిగకుండానే ఎండిపోయి ఉన్నాయి. బ్రాంచీలో ఇన్‌ఛార్జి భోజనానికి ఇంటికి పోయాడు. ఆయన బల్ల దగ్గర నేల మీద, గోడకు ఆనుకుని ఎర్రిస్వామి అక్క హనుమక్క కూర్చుని ఉంది. రిసీవరు చెవికి ఆనించుకుని ఉంది. నన్ను చూసి కళ్లతోనే కూర్చోమంది. ఫోనులో అక్కాతమ్ముళ్ల మధ్య ఒక్క మాట లేదు. నేను చూస్తుండగానే లైను తెగింది. ఆమె లేచి నంబరు నొక్కి, మళ్లీ కూర్చుంది. మళ్లీ తెగింది. మూడోసారి నొక్కలేదు.

“నేనేనక్కా ఈ మిషను పెట్టినవాణ్ణి” అన్నాను. “ఫోను చేసి గమ్మునుంటే ఎవరూ లేరనుకుని అదే కోసేస్తుంది. మాట్లాడుతూ ఉండాల.”

“ఏం మాట్లాడేది నాయనా?” అంది. “పెండ్లాము పోయినోనితో ఏం మాట్లాడతారు? పక్కన కూచ్చుంటారు, అంతే కదా.”

నేనూ ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాను. ఆమే చెప్పింది.

“ఆ పిల్ల పోయినప్పుడు పోయి మూడు దినాలు ఉన్న్యా. తోడబుట్టినదాన్ని, నెల దాకన్నా వాని పక్కన ఉండల్ల. మా ఆయనకు పచ్చవాతం, మంచం దిగలేడు. ఆయప్పను ఇడ్సిపెట్టి యాడుండేది? అందుకే ఈడనుంచే కూచ్చుంటాండా. వాడు షుగరు మాత్ర మింగుతాడు, బువ్వ తినడు. అట్ల చేస్తే పానం మీదికొస్తాదని డాక్టరు చెప్పినాడంట. నేను ఫోను పట్టుకోనుంటే క్యారీరు తెరుస్తాడు. నమిలేది నాకు వినపడతాది. రెండు ముద్దలు తింటాడో లేదో, మీ మిషను టక్కుమని కోస్తాది. మళ్లా చేసేలోపల మూత పెట్టేసింటాడు.”

కొంగుతో ముఖం తుడుచుకుని, “కొన్ని దినాలు నమిలేది గూడా వినపడదు. ఊరికే సుయ్యిమంటాది. ఉండాడో లేడో తెలీదు” అంది.

ఆ సుయ్యి ఏమిటో నాకు తెలుసు. దాన్ని కంఫర్ట్ నాయిస్ అంటారు. వీశాట్ దారి ఇరుకు కాబట్టి, మాట లేనప్పుడు గేట్‌వే అవతలికి ఏమీ పంపదు. లైను చచ్చిపోయిందని జనం కంగారుపడకుండా తానే ఒక చిన్న హోరు పుట్టించి వినిపిస్తుంది. మనిషి అన్నం నమిలే చప్పుడును అది మాట కింద లెక్కపెట్టదు. నేను ఎన్నో ఆఫీసుల్లో ఆ సెట్టింగు పెట్టాను, ఎవరూ ఏమీ అనలేదు. ఎర్రిస్వామిని కునుకు తీస్తావా అని అడిగినందుకు సిగ్గేసింది.

“రెండు దినాలు ఓర్చుకో అక్కా, బాగుచేస్తా” అని మాత్రం అన్నాను.

“బంగారట్లుంటావు నాయనా. ఇంత సంగటి తినిపో” అంది. తిన్నాను. నంజుకోను పెట్టిన ఊరిబిండి పచ్చడి కారానికి కళ్లలో నీళ్లు తిరిగాయి, మంచిదే అయింది.

అనంతపురం వచ్చి టైమరు తీసేస్తానంటే మేనేజరు ఒప్పుకోలేదు.

“తీసేస్తే లైన్లు మళ్లీ ఇరుక్కుంటాయి కదప్పా?”

“ఇరుక్కుంటే నన్ను మళ్లీ లోపలికి రానివ్వకండి” అన్నాను. అసలు కారణం చెప్పలేదు. ఎర్రిస్వామి తినడం మానేశాడన్న సంగతి ఆఫీసులో పదిమంది నోళ్లలో పడడం నాకిష్టం లేకపోయింది.

టైమరు లేకుండా పని జరగాలంటే మా పాత డబ్బా కుయ్ కుయ్‌ను గేట్‌వేకు నేర్పించాలి. ఆ టోను ఏ శ్రుతిలో ఉంది, ఎంతసేపు మోగి ఎంతసేపు ఆగుతుంది అన్నది కొలిచి, ఆ అంకెలు గేట్‌వేలో నింపాలి. డబ్బా ముసలిదైపోయి టోను పుస్తకంలో ఉన్నట్టు లేదు. ఎర్రిస్వామి పక్కన కూర్చుని ఫోను ఎత్తడం, పెట్టడం, వినడం, అంకె మార్చడం, ఇదే పని.

“ఏమన్నా, ఆ కుయ్ కుయ్ అంత బాగుండాదా? పొద్దస్తమానం వింటాండావు” అన్నాడు.

“నీ గొంతు కన్నా బాగుంది” అన్నాను. గట్టిగా నవ్వాడు. వాళ్లక్క నాకు అంతా చెప్పిందని ఆయనకు తెలుసో లేదో నేను అడగలేదు.

రెండో రోజుకు గేట్‌వే టోనును గుర్తుపట్టింది. ఇక్కడ ఫోను పెడితే అక్కడ తెగుతోంది, పెట్టకపోతే ఉంటోంది. టైమరు తీసేశాను, కంఫర్ట్ నాయిస్ తీసేశాను, చిన్న చప్పుడైనా అవతలికి పోయేలా మార్చాను. మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచారు. నేను వైర్లు సర్దుతున్నట్టు అక్కడే ఉన్నాను. కంబదూరు లైను మోగింది. ఎర్రిస్వామి రిసీవరు భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టుకుని, మెస్సు నుంచి వచ్చిన క్యారియరు తెరిచాడు. ఆయన “అక్కా” అనలేదు, అవతలినుంచి కూడా మాట వచ్చినట్టు లేదు. మెల్లగా తింటూ పోయాడు. గిన్నె ఖాళీ అయ్యాక “సరేక్కా” అన్నాడు, పెట్టేశాడు. నేను బయటికి వచ్చి, స్కూటరు దగ్గర నిలబడి ఏడ్చాను. నేను అంత తొందరగా ఏడ్చే మనిషిని కాను.

ఆ తర్వాత ఆ ఆఫీసు నుంచి ఫిర్యాదులు లేవు. అటువైపు పోయినప్పుడు తొంగిచూస్తే ఎర్రిస్వామి ముఖం కాస్త తేరుకున్నట్టే ఉండేది.

దసరా వచ్చింది. ఆదివారం కలిసి ఆఫీసుకు వరసగా సెలవులు. హనుమక్క తమ్ముణ్ణి కంబదూరు రమ్మందట. భార్య పోయి ఏడాది తిరగలేదు, పండగ జరిగే ఇంటికి రాకూడదని ఆయన పోలేదు. పండగకు మెస్సు కూడా మూసేశారు. ఆఫీసు లేదు కాబట్టి ఫోనూ లేదు. ఆయన గదిలో ఫోను లేదు. సెల్ ఫోన్లు అప్పట్లో మాబోటివాళ్ల దాకా రాలేదు.

సెలవుల తర్వాత ఆఫీసు తెరిచిన రోజు పొద్దున్నే నన్ను పిలిచారు. కరెంటు పోయి ఈపీఏబీఎక్స్ బ్యాటరీ దిగిపోయింది. నేను పోయేసరికి ఆపరేటరు కుర్చీ ఖాళీ. ఎంతసేపటికీ ఎర్రిస్వామి రాకపోతే అటెండరును ఆయన గదికి పంపారు. నేను బ్యాటరీ మార్చి, బోర్డు దగ్గర కూర్చుని లైన్లు ఒక్కొక్కటే సరిచూస్తున్నాను. మధ్యాహ్నం కావస్తుండగా అటెండరు వచ్చాడు. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

“తలుపు పగలగొట్టినాము సార్. నిద్రలోనే పోయినట్లుండాడు” అన్నాడు.

మాత్ర మింగి తినకపోవడంతో షుగరు పడిపోయి చనిపోయాడని డాక్టరు తర్వాత చెప్పాడు. మేనేజరు ఎదురుగా ఉన్న బెంచీ మీద కూలబడ్డాడు. కంబదూరులో అక్కకు ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి అని వాళ్లు అనుకుంటుండగానే, నా ముందు బోర్డు మీద కంబదూరు లైను మోగింది.

ఎవరూ కదల్లేదు. కుర్చీలో ఉన్నది నేను. ఎత్తాను.

అటునుంచి మాట లేదు. ఆమె ఎప్పటిలాగే కూర్చుంది. నేను నోరు తెరవలేకపోయాను. అర నిమిషం దాటింది, లైను తెగలేదు. పాత టైమరు ఉండి ఉంటే ఈపాటికి తెగేది, చెప్పే పని నాకు తప్పేది అని కూడా అనిపించింది. నిజమే చెబుతున్నాను.

“ఏమిరా, క్యారీరు తెర్సలేదు?” అంది.

“అక్కా, నేను ఎర్రిస్వామిని కాదు. మిషను బాగుచేసేవాణ్ణి.”

“వాడు యాడికి పోయినాడు?”

చెప్పాను. ఎలా చెప్పానో గుర్తు లేదు. అటువైపు ఊపిరి వినిపిస్తూనే ఉంది. ఆమె గట్టిగా ఏడవలేదు. చాలాసేపటికి, “నాయనా, ఫోను పెట్టొద్దు” అంది.

“పెట్టనక్కా.”

మేనేజరు వేరే లైను మీద బ్రాంచీ ఇన్‌ఛార్జి ఇంటికి కబురు చెప్పి, ఆమె దగ్గరికి పొమ్మన్నాడు. నేను రిసీవరు చెవికి పెట్టుకుని కూర్చున్నాను. నోరున్నవాణ్ణని పేరు పడ్డవాణ్ణి, ఒక్క మాట కూడా అనలేదు. ఇన్నేళ్ల వృత్తిలో నేను నేర్చుకున్నదేమైనా ఉంటే అది ఆ మధ్యాహ్నం హనుమక్క దగ్గర నేర్చుకున్నదే. కొందరికి ఫోను మాట్లాడడానికి కాదు, ఒకరి పక్కన ఉండడానికి కావాలి. ఇన్‌ఛార్జి వచ్చి ఆమె చేతిలోంచి రిసీవరు తీసుకునేదాకా అలాగే ఉన్నాను.