కిటికీ మీద బియ్యం సంచి

మా సిరిసిల్ల మామకు మరమగ్గాలకన్నా అడవి జంతువుల ఫొటోలే ప్రాణం. కారు కిటికీ అద్దం సగం దించి, బియ్యం సంచి పరిచి, దాని మీద బారెడు లెన్సు కదలకుండా ఆనించేవాడు. ఇంజనుతో పాటు నా ఊపిరి కూడా ఆపమనేవాడు.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో, మూడేళ్లుగా దొరకని తోడేలు కోసం పోతుంటే, మేడిపల్లి దగ్గర ఉద్యమకారులు రోడ్డు మీదే వంటావార్పు పెట్టారు.

"బియ్యం తక్కువ పడ్డయ్ అన్నా," అందొక అక్క.

మామ సంచి విప్పి మొత్తం ఎసట్లో పోశాడు.

"ఇగ లెన్సు దేని మీద పెడ్తవ్ మామా?"

"నీ భుజం ఊకెనే కూసున్నది గదా."

సాయంత్రం తోడేలు నిజంగానే వచ్చింది. కారు ముందు కూర్చుని ఆవులించింది కూడా. నాకు నవ్వాగలేదు, భుజం కదిలి, ఫొటోలో తోడేలుకు పన్నెండు కాళ్లు వచ్చాయి.

మామ దాన్నే పటం కట్టించాడు. ఎవరైనా నవ్వితే, "గా పూట అందరు కడుపునిండ తిన్నరు," అనేవాడు.